బండెక్కిన స్థిరాస్తి

నంద్యాలలో మా అన్న రైల్వేస్టేషన్ దగ్గర రెండు స్థలాలు కొని, వాటి మీద ఏ పనీ చేయకుండానే పెద్దమనిషి అయిపోయాడు. అంతకుముందు అతని మాట మా ఇంట్లో ఎవరూ వినేవాళ్లు కాదు. స్థలాల ధర పెరిగాక మా నాయన కూడా ప్రతిదానికీ "వాన్నొక మాట అడుగుదాం" అనడం మొదలుపెట్టాడు. నేను బి.ఏ. అర్థశాస్త్రంలో ఫస్టుక్లాసు తెచ్చుకున్న రోజు ఎవరూ నా గురించి ఆ మాట అనలేదు.

అందుకని నేనూ ఒక స్థలం కొనాలనుకున్నాను.

అప్పటికి ఆళ్లగడ్డకు కాపురానికి వచ్చి మూడేళ్లయింది. మా ఆయన కాలువ ఆఫీసులో గుమాస్తా. ఇల్లు మా అత్తది, పొలం మా అత్తది, గోడ గడియారం మా అత్తది. నావి అనుకోవడానికి కొన్ని స్టీలు గిన్నెలు ఉన్నాయి గానీ, పెళ్లిలో చదివించినవాళ్లు వాటి మీద వాళ్ల పేర్లే కొట్టించారు. సాయంకాలం వరండాలో పిల్లలకు ఇంగ్లీషు ట్యూషన్ చెప్పి కొంత డబ్బు కూడబెట్టాను. దాంతో నా పేరు మీద ఇంత నేల ఉండాలని, ఎప్పటికైనా దాని మీద నేను చెప్పినచోట కిటికీ పెట్టించుకోవాలని నా కోరిక.

మా అత్త తిరుపాలమ్మకు ఈ సంగతి చెప్పలేదు. ఆమె దృష్టిలో భూమి అంటే పండేది. పండని భూమిని దుడ్లు పెట్టి కొనేవాళ్లను ఆమె పిచ్చోళ్ల లెక్కలో వేసేది. ఆమె లెక్కలో పడినవాళ్లు మళ్లీ బయటికి రావడం కష్టం. మా వీధిలో ఆడవాళ్లు ఆమె అటు వస్తోందంటే ఒకసారి గడప వైపు, ఒకసారి తమ కొంగు వైపు చూసుకునేవాళ్లు.

మా ఆయనకు చెప్పాను. ఆయన "సరే" అన్నారు. ఆయన "సరే" అన్నారంటే వినలేదని అర్థం. నాకు అంతే చాలు.

నంద్యాల వెళ్లినప్పుడు మా అన్నను సలహా అడిగాను. వెంటనే కుర్చీలో వెనక్కి వాలి, స్థలం సాపుగా ఉండాలనీ, కంపచెట్లు ఉండకూడదనీ, ఉంటే కొట్టించే ఖర్చు మన నెత్తినే పడుతుందనీ చెప్పాడు. తెల్లగా, శుభ్రంగా, కంటికి నచ్చేటట్టు ఉంటే అమ్మేటప్పుడు బేరం త్వరగా తెగుతుందట. ఆ రోజుల్లో మా అన్న చెప్పిందల్లా నిజమయ్యేది, అతను నంద్యాల దాటి బయటికి రానంతవరకు.

ఆళ్లగడ్డలో అప్పుడు స్థలాలు అమ్మే మనిషి నరసింహులు ఒక్కడే. అంతకుముందు వేరుశనక్కాయల వ్యాపారం చేసేవాడు. అహోబిలం పోయే దారిలో ఊరు దాటాక కొంత బీడు కొని, హద్దురాళ్లు పాతి, వాటికి సున్నం కొట్టించి దాన్ని 'లేవుటు' అని పిలిచేవాడు. మా ఆయన ఆఫీసు పని మీద కర్నూలు పోయిన రోజు నేను ఒక్కదాన్నే చూడబోయాను.

స్థలాలన్నీ తుమ్మకంపలతో, జిల్లేడు పొదలతో నిండి ఉన్నాయి. మూలన ఉన్న ఒక్కటి మాత్రం తెల్లగా, ముగ్గు పోసి ఆరబెట్టినట్టు మెరుస్తోంది. నేను తిన్నగా దాని మీదికే నడిచాను.

"ఇదొక్కటే ఎందుకింత శుభ్రంగా ఉంది?" అని అడిగాను.

నరసింహులు నా మొహంలోకి కాసేపు చూశాడు. ఎగతాళి చేస్తున్నానేమోనని ఆయన అనుమానం. కాదని తేలాక గొంతు సవరించుకున్నాడు.

"ఈడ గడ్డిపరక మొలవదమ్మా. నీ జన్మలో కంప కొట్టే పని ఉండదు."

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. నేను ఆ మాటకు సంతోషించి, మిగతావాటికన్నా నాలుగు రూపాయలు ఎక్కువే ఇచ్చాను.

రిజిస్ట్రేషను కాగితాలు మా ఆయన ముందు పెట్టాను. చదవకుండా సంతకం పెట్టడం ఆయన ఉద్యోగంలో భాగం కాబట్టి సాక్షిగా వెంటనే పెట్టేశారు. రిజిస్ట్రారు ఆఫీసులో రాతగాడు 'స్థిరాస్తి' అన్నచోట వేలు పెట్టి, "అంటే కదలందమ్మా" అని నాకు అర్థం చెప్పాడు. నాకు తెలుసు. భూమికి అరుగూ తరుగూ లేదని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న మనిషిని.

ఎండాకాలం వచ్చింది. ప్రతి ఏడూ ఆ రోజుల్లో నేను పుట్టింట్లో ఉండేదాన్ని. ఆ ఏడు మా అత్తకు మోకాళ్ల నొప్పులని ఉండిపోయాను. దాంతో ఆళ్లగడ్డలో వానలకు ముందు జరిగే ఒక పనిని మొదటిసారి చూశాను.

ఆ ఊళ్లో అప్పటికి సగం ఇళ్లు మట్టిమిద్దెలే. దూలాల మీద కొయ్యలు పరిచి, మట్టి వేసి, దాని మీద చౌడు పోస్తారు. చౌడు అంటే ఉప్పదేలిన తెల్లమట్టి. తడిస్తే చర్మంలా బిగిసిపోయి ఒక్క చుక్క నీటిని కిందికి దిగనివ్వదు. ఏటా రోహిణికార్తెలో కొత్త చౌడు పోసుకోకపోతే ఆ ఇంట్లో వానాకాలమంతా మంచాలు జరుపుకోవడంతోనే సరిపోతుంది. నేను పుట్టి పెరిగింది సిమెంటు మిద్దె కింద. చౌడు అన్న మాట విన్నాను గానీ మొహం ఎరగను.

ఆ రోజు ఓబులేసు బండి తోలుకుని మా వాకిట్లోకి వచ్చాడు. అతనిది అహోబిలం వైపు గుట్టల కింద ఒక పల్లె. ఎండాకాలం ఎద్దులకు పని ఉండదు కాబట్టి ఊళ్లోకి వచ్చి అడిగిన ఇంటికల్లా చౌడు తోలేవాడు. కూలి బండికి, ఎద్దులకు. చౌటికి వెల లేదు. గంపకెత్తి నిచ్చెన మీదుగా మిద్దె మీదికి మోస్తున్నాడు. నేను నిచ్చెన పట్టుకున్నాను.

మా అత్త గంపలోంచి పిడికెడు తీసి నలిపి చూసి, "ఈసారి బాగుండాదే. యాడిదప్పా?" అంది.

"నరసింహులు రాళ్లు పాతినాడు చూడు, ఆడ మూలది. ఊరంతా ఆడికే పోతాండారు."

నేను గంపలోకి చూశాను. తెల్లగా, శుభ్రంగా, కంటికి నచ్చేటట్టు ఉంది. నా స్థలం గంప తర్వాత గంపగా మా అత్త మిద్దె ఎక్కుతోంది. నిచ్చెన కదలకుండా పట్టుకున్నది నేనే.

"ఎంత తెల్లగుందో చూసినావా?" అంది మా అత్త.

చూశానన్నాను.

సాయంకాలం మా ఆయనకు చెప్పాను. ఆ ఊళ్లో పుట్టి పెరిగిన మనిషి. కాసేపు చొక్కా గుండీ విప్పడం ఆపి, "చౌట్లో కొన్నావా?" అన్నారు. మీరు సంతకం పెట్టారన్నాను. ఆయన మిగతా గుండీలు విప్పుకున్నారు.

మర్నాడు ఇద్దరం వెళ్లి చూశాం. అక్కడ నాలుగైదు బండ్లు ఉన్నాయి. బండివాళ్లు చాలా మర్యాదస్తులు. హద్దురాళ్లను ఒక్కదాన్ని కూడా ముట్టుకోలేదు. రాతి చుట్టూ జానెడు నేల వదిలి లోపలిదంతా తవ్వేశారు. నాలుగు మూలలా నాలుగు తెల్లరాళ్లు ఎత్తుపీటల మీద కూర్చున్నట్టున్నాయి, మధ్యలో నా నడుములోతు గుంత. ఇది నా స్థలమని ఒకతనితో చెప్పాను. "మంచి చౌడమ్మా, అదృష్టవంతురాలివి" అని మెచ్చుకుని, పార తగులుతుంది పక్కకు జరగమన్నాడు.

వద్దని చెప్పడానికి వీల్లేదు. మజ్జిగ, పొయ్యిలో నిప్పు, మిద్దెకు చౌడు అడిగినవాళ్లకు లేదనడం ఆళ్లగడ్డలో ఎవరూ చేయని పని. దుడ్లు అడిగితే అంతకన్నా తలవంపులు. కంచె వేద్దామా అంటే, ఊరి మిద్దెలన్నీ కారడానికి మేమే కారణమని నా ముఖానే అంటారు. అన్నిటికన్నా ముందు మా అత్తకు తెలిసిపోతుంది.

నరసింహులును కలిశాం. ఆయన ఎంతో బాధపడి, కావాలంటే తానే వెనక్కి తీసుకుంటానన్నాడు, సగం ధరకు. అదేమిటంటే, నేను కొన్నది స్థలమనీ, ఇప్పుడు ఆయన కొనాల్సింది గుంత అనీ చెప్పాడు.

మా ఆయనకు అది మంచి బేరమే అనిపించింది. మృగశిర వచ్చి వానలు పడితే ఆ గుంత మడుగైపోతుందని, అప్పుడు ఆ సగం కూడా రాదని ఆయన లెక్క. దారి పొడుగునా వాదించుకున్నాం. ఇంటి మలుపు దగ్గర ఆయన ఒక మాటకు వచ్చారు.

"వానలు పడేలోగా గుంత పూడిందా, నీ ఇష్టం. పూడలేదా, నరసింహులుకు రాసిచ్చేద్దాం."

ఒప్పుకున్నాను. ఎలా పూడుతుందో నాకు తెలియదు. ఒక బండి మట్టి కొనడానికి కూడా నా దగ్గర ఏమీ మిగల్లేదు. నా పేరున్న ఒకే ఒక్క చోటు రోజూ నాలుగు వీధులకు పంపకమైపోతోంది.

రెండు రోజులకు పక్కింటి గోవిందమ్మ, నేను గోంగూర పచ్చడి పంపిన గిన్నె తిరిగి ఇవ్వడానికి వచ్చింది. అందులో గుప్పెడు శనక్కాయలు వేసి తెచ్చింది. ఎందుకివన్నీ అంటే, "ఖాళీ గిన్నె ఎట్ల ఇస్తారు ఉమా" అని వెళ్లిపోయింది. నేను ఆ శనక్కాయలు ఒలుచుకుంటూ చాలాసేపు కూర్చున్నాను. తినడం పూర్తయ్యేటప్పటికి దారి దొరికింది.

తెల్లవారి ఎండెక్కకముందే స్థలం దగ్గరికి వెళ్లాను. ఓబులేసు అప్పుడే ఎద్దుల్ని విప్పుతున్నాడు.

"ఓబులేసన్నా, ఇంటిస్థలంలోకి ఖాళీ బండి రాకూడదంట కదా?"

"ఎవురు చెప్పినారమ్మా?"

"మా అత్త."

అతను భుజం మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. తిరుపాలమ్మ పేరు ఆ పల్లెల్లో కూడా అంతే పనిచేస్తుంది.

"ఖాళీ గిన్నె వాపసు ఇయ్యరు, ఖాళీ బిందె ఎదురు రానియ్యరు, ఖాళీ బండి మాత్రం ఎట్ల తోలుకొస్తాండారు అనింది" అన్నాను. మా అత్త గొంతులో ఒక రవ్వ కూడా కలిపాను.

ఓబులేసు ఆలోచించాడు. "నిజమే గదా" అన్నాడు. "అయితే ఏం తేవాలంట?"

మీ గుట్ట కింద ఎర్రగరుసు, పునాదుల్లో పోసే ఎర్రటి గులకమట్టి, ఉంది కదా అన్నాను. ఉండకేం, కావలసినంత ఉందన్నాడు. వచ్చేటప్పుడు ఎలాగూ ఉత్త బండే కదా అన్నాను. ఓబులేసు నా వైపు చూసి నవ్వినట్టే ఉన్నాడు గానీ, ఆ మీసాల్లో ఖచ్చితంగా చెప్పలేను.

మర్నాడు అతను బండి నిండా గరుసు తెచ్చి గుంతలో పోసి, మిద్దె మీద పల్చగా పరిచేదే కాబట్టి సగం బండి చౌడు ఎత్తుకుని పోయాడు. ఆ మర్నాటికి మిగతా బండ్లు కూడా అంతే. నేను చెప్పింది ఒక్క వాక్యం. మిగతాదంతా ఊరు కల్పించుకుంది. ఉత్త బండి తోలినవాడి ఎద్దు కుంటుతుందని ఒకరన్నారు. ఆ చౌడు పోసిన మిద్దె సరిగ్గా మంచం మీదే కారుతుందని ఇంకొకరు. ఎవరు చెప్పారంటే, తిరుపాలమ్మ చెప్పింది.

ఈ సంగతి తెలియని మనిషి ఊళ్లో తిరుపాలమ్మ ఒక్కతే.

వారం గడిచింది. నల్లమల మీద మబ్బులు కనిపించడం మొదలైంది. గుంత సగానికి వచ్చింది. ఒక మధ్యాహ్నం నేను చాటలో బియ్యం ఏరుతుంటే ఓబులేసు వాకిట్లో నిలబడి మా అత్తను పిలిచాడు.

"అమ్మా, ఒక సందేహం. ఇద్దరు గరుసు లేదని నల్లరేగడి తెచ్చినారు. అది చెల్లుతాదా చెల్లదా? నువ్వే చెప్పాల."

"ఏంది చెల్లేది?"

"ఖాళీ బండి తోలగూడదని చెప్పినావు గదా."

"నేను చెప్పినానా?" అంది మా అత్త.

నేను తల ఎత్తలేదు. చాటలో రాళ్లు లేవు గానీ, ఉన్నట్టే ఏరుతున్నాను. ఆమె ఒక్క మాట, నేనెప్పుడు చెప్పినాను అంటే చాలు, రేపటినుంచి బండ్లు ఖాళీగా వచ్చి చౌడుతో పోతాయి. ఎల్లుండి నరసింహులు కాగితాలు పట్టుకుని వస్తాడు.

"ఊరంతా నీ మాట మీదే నడుస్తాందమ్మా. మా పల్లె బండ్లు, రుద్రవరం తట్టు బండ్లు, అందరూ వింటాండారు. అందుకే నిన్నే అడిగిపోదామని" అన్నాడు ఓబులేసు.

మా అత్త నన్ను చూసింది. చాటను చూసింది. కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుంది.

"రేగడి యాడన్నా పనికొస్తాదా? వానకు ఉబ్బుతాది, ఎండకు పగులుతాది. తెచ్చినోల్లు తెచ్చినట్టే వాపసు తీసుకపోవాల. గరుసే తేవాలని నేను చెప్పినానని చెప్పు."

అతను వెళ్లిపోయాక ఆమె చాట నా చేతిలోంచి తీసి పక్కన పెట్టింది.

"ఎవరిదీ ఆ స్థలం?"

"నాదే అత్తా."

"దుడ్లు?"

"ట్యూషన్‌వి."

"వానికి తెలుసునా?"

"సంతకం పెట్టారు."

"తెలుసునా అంటే సంతకమంటావేంది." మోకాలు సాపుకుని నా వైపు తిరిగింది. "చౌట్లో కొన్నావు."

ఊ అన్నాను.

"మొన్న మన మిద్దె మీదికి తోలించింది..."

"అదీ నాదే."

మా అత్త నవ్వు నేను మొదటిసారి అప్పుడు విన్నాను. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, మోకాలి నొప్పి మర్చిపోయి, గోడకు చేరబడి నవ్వింది. తర్వాత ఉన్నట్టుండి ఆపేసింది.

"నా పేరు నువ్వు చెప్పేదెందుకే? నేనేమన్నా చచ్చిపోయినానా? నన్నడిగింటే నేనే చెప్పింటా గదా."

మర్నాడు పొద్దున్నే గొడుగు తీసుకుని నాకంటే ముందు బయల్దేరింది. స్థలంలో ఒక హద్దురాయి పక్కన పీట వేయించుకుని కూర్చుంది. అప్పటిదాకా నేను పోయే ప్రతి గంపనూ దిగులుగా చూస్తూ వచ్చాను. ఆమె వచ్చాక తెలిసింది, చౌడు ఒక్క గంప మిగిలినా రేపు కట్టే గోడల్ని ఉప్పు తినేస్తుందని. "ఇంకా తవ్వండి, అడుక్కంటా తీయండి" అని ఆమె ఒక పక్క, నేను ఇంకో పక్క నిలబడి అరిచాం. బండివాళ్లు మాకు భయపడి తవ్వారు.

అయితే కొత్త చిక్కు వచ్చింది. ఊళ్లో మిద్దెలన్నిటికీ చౌడు పోసుకోవడం అయిపోతోంది. చౌడు అక్కర్లేకపోతే బండ్లు రావు. బండ్లు రాకపోతే గరుసు రాదు. తూర్పు మూల ఇంకా మోకాలిలోతు గుంత ఉంది. మబ్బులు కొండ దిగి ఊరి మీదికి వచ్చాయి. మా ఆయన రోజూ భోజనం చేస్తూ కిటికీలోంచి ఆకాశం చూసేవారు. ఒకరోజు నరసింహులు బజార్లో కనిపించాడని మాత్రం అన్నారు.

ఆ సాయంకాలం మా అత్త నిచ్చెనెక్కింది. మోకాళ్ల నొప్పుల మనిషి మిద్దె మీద నిలబడి, నడుము మీద చేతులు పెట్టుకుని, చుట్టూ ఉన్న మిద్దెలన్నీ ఒక్కొక్కటిగా చూసింది. దిగి వచ్చి చెప్పులు వేసుకుంది.

మొదట గోవిందమ్మ ఇంటికి వెళ్లింది. "మీ మిద్దె పడమటి పక్క పల్చగుందే. ఈ మబ్బులు చూస్తాండావా?" అంది. గోవిందమ్మ ఆ క్షణమే మొగుణ్ని బండికి పంపింది. అక్కడినుంచి వీధి చివరిదాకా, వీధి చివరినుంచి పై వీధికి. ఎవరి మిద్దె ఎక్కడ పల్చగా ఉందో ఆమె పేరు పేరునా చెప్పింది. ఆమె మాట వినక మిద్దె కారితే ఆ తర్వాత ఆమె మాటలు వినాల్సి వస్తుందని అందరికీ తెలుసు. ఆ ఏడు ఆళ్లగడ్డలో మిద్దెలు ఎంత మందంగా ఉన్నాయంటే, నాకు దూలాల మీద జాలి కలిగింది.

మూడు రోజులు బండ్లు ఎడతెగకుండా నడిచాయి. చివరి బండి గరుసు ఓబులేసు దిమ్మరించి, పారతో చదును చేస్తుండగా మొదటి చినుకులు పడ్డాయి. మేము గొడుగు కింద ఒకరినొకరు నెట్టుకుంటూ ఇల్లు చేరాం. ఆ మధ్యాహ్నమంతా వాన కురిసింది. మా ఇంట్లో ఒక్క చుక్క కారలేదు.

వాన వెలిశాక ముగ్గురం స్థలం చూడబోయాం. చుట్టుపక్కల స్థలాల్లో కాలు పెడితే పిక్కదాకా దిగిపోతోంది. నాది ఎర్రగా, గట్టిగా, అప్పుడే స్నానం చేసి వచ్చినట్టుంది. దాని నడిమధ్య నరసింహులు నిలబడి ఉన్నాడు. పక్కన నంద్యాలనుంచి వచ్చిన ఇద్దరు పెద్దమనుషులు.

"ఈడ అన్నీ ఇట్లాంటివే సార్" అని చెబుతున్నాడు.

మమ్మల్ని చూసి కొంచెం తడబడ్డాడు గానీ, వ్యాపారస్తుడు కదా, వెంటనే తేరుకున్నాడు. నన్ను పక్కకు పిలిచి, నేను కొన్నదానికి రెండింతలు ఇప్పిస్తానన్నాడు. మా ఆయన ఆ మాట విన్నారు. విని, నా వైపు చూసి, దారి వైపు తిరిగి నిలబడ్డారు. మాట ప్రకారం అది నా ఇష్టం.

"అమ్మను" అన్నాను. "ఇక్కడ తూర్పుకు కిటికీ వస్తుంది."

నరసింహులు ఇంకా ఏదో అనబోతుంటే మా అత్త గొడుగు మొనతో పక్క స్థలం చూపించింది.

"అదెంతప్పా?"

ఆయన ధర చెప్పాడు. మా అత్త అక్కడి కంపల సందున గొడుగు మొన లోతుగా గుచ్చి, తీసి, అడుగునుంచి అంటుకొచ్చిన తెల్లటి మట్టిని నంద్యాల పెద్దమనుషులకు కనబడేటట్టు పైకెత్తింది.

"చౌడు గదా."

నరసింహులు గొంతు తగ్గించి, ఆమెకైతే తగ్గిస్తానన్నాడు. ఎంతో చెప్పాడు. ఇంకా తగ్గించి మళ్లీ చెప్పాడు.

"ఇప్పుడు వద్దులే" అంది మా అత్త. "వచ్చే ఎండాకాలం చూద్దాం. అప్పటికి గుంతై ఉంటాది."